నెత్తుటి మస్టరు

వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణిపేట. తమిళనాడులో పాలారు పొడవునా ఉన్న ఈ ఊళ్ల పేరెత్తితే ముస్లిం తోళ్ల వ్యాపారులే గుర్తుకొస్తారు. మనకిది పరాయి చరిత్రేం కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరూ, వీటిలో చాలా ఊళ్లూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. 1919లో వాణియంబాడిలో వెలసిన ఇస్లామియా కాలేజీ గురించి మేం గర్వంగా చెప్పుకుంటాం. తోళ్ల సొమ్ము చదువుకు దారి వేసిందంటాం. ఆ తోళ్లను సున్నపు నీళ్లలోంచి చేతుల్తో తీసిన దళితులకూ, పేద ముస్లింలకూ ఆ గర్వంలో వాటా ఎంత?

మన పల్లెల్లో మాదిగలు లందలో తంగేడు చెక్కతో తోలును పదును చేసేవారు. దానికి వారాలు పట్టేది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. వారాల పని రోజుల్లోకొచ్చింది. ఆ తొలి పద్ధతిలో తోలును ముందు డైక్రోమేటు ద్రావణంలో నానబెట్టాలి. డైక్రోమేటులో ఉండేది ఆరు వేలెన్సీల క్రోమియం. అదే విషం.

అది విషమని అప్పటికే తెలుసు. 1827లోనే గ్లాస్గో డాక్టరు విలియం క్యూమిన్ అద్దకం కూలీల చేతుల మీద డైక్రోమేటు పుండ్లను గుర్తించి రాశాడు. 1936లో జర్మనీ క్రోమేటు కార్మికుల ఊపిరితిత్తుల క్యాన్సరును వృత్తి వ్యాధిగా ఒప్పుకుంది. 1990లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్రోమియాన్ని మనుషుల్లో క్యాన్సరు తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇప్పటి తోళ్ల షెడ్లలో ఎక్కువగా వాడేది మూడు వేలెన్సీల క్రోమియం. దాని ప్రమాదం తక్కువ. కానీ దాన్ని తయారు చేయాలంటే ముందు క్రోమేటు కావాలి. విషం షెడ్డు వదిలి క్రోమేటు ఫ్యాక్టరీకి మారిందన్నమాట. రాణిపేటలో 1990లలో మూతపడిన అలాంటి ఫ్యాక్టరీ లక్షన్నర టన్నులకు పైగా వ్యర్థాన్ని వదిలిపోయింది.

ఏ కూలి ఒంట్లోకి ఏ క్రోమియం పోయిందో ఎలా తెలుస్తుంది? జవాబు నెత్తుట్లోనే ఉంది. 1950లో గ్రే, స్టెర్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రేడియోధార్మిక క్రోమియంతో దీన్ని చూపారు. ఆరు వేలెన్సీల క్రోమియం ఎర్రకణంలోకి దూరిపోతుంది. లోపల రూపం మార్చుకుని హిమోగ్లోబినుకు అంటుకుంటుంది, ఇక బయటికి రాదు. మూడు వేలెన్సీలది కణంలోకి దాదాపు పోలేక ప్లాస్మాలోనే ఉండిపోతుంది. మూత్రం, ప్లాస్మా పరీక్షలు ఈమధ్య ఒంట్లోకి చేరిన మొత్తం క్రోమియాన్ని చెబుతాయి. ఎర్రకణాలను కడిగి వేరుగా పరీక్షిస్తే గత కొన్ని నెలల్లో తగిలిన అసలు విషం తెలుస్తుంది.

అయితే ఈ సాక్ష్యానికి గడువుంది. ఎర్రకణం సుమారు 120 రోజులే బతుకుతుంది. ఆ తర్వాత కణంతోపాటు లెక్కా పోతుంది. క్యాన్సరు మాత్రం పాతికేళ్ల తర్వాతైనా వస్తుంది. స్టీలు సూదితో నెత్తురు తీస్తే సూదిలోని క్రోమియం కూడా కలిసి లెక్క తప్పొచ్చు. కణాల్లో తక్కువ కనిపించినంత మాత్రాన ఊపిరితిత్తులు క్షేమమనీ చెప్పలేం. పేరు మస్టరులో లేని కాంట్రాక్టు కూలి ఒక సీజను చేసి వెళ్లిపోతే, అతని నెత్తుట్లోని మస్టరు కూడా నాలుగు నెలల్లో చెరిగిపోతుంది. అప్పుడు పరీక్ష చేయకపోతే ఇక ఎప్పటికీ చేయలేరు.

1948 ఫ్యాక్టరీల చట్టం క్రోమ్ పుండ్లను ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. పుండు పడ్డాకే జబ్బు లెక్కకొచ్చేది. 1996లో సుప్రీంకోర్టు వేలూరు పౌరుల కేసులో తోళ్ల షెడ్ల మీద తీర్పు చెప్పింది. చెడగొట్టినవాడే నష్టం కట్టాలంది. పాలారు నీళ్లకూ, పాడైన పొలాలకూ లెక్క కట్టే దారి దొరికింది. కూలి నెత్తుటికి లెక్క కట్టేదెవరు?

మా అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు బయటివాళ్లు చేసిన గాయాలనే చూపిస్తే చాలదు. మాలోని యజమాని షెడ్డులో మాలోని కూలికి, అతని పక్కన నిలబడ్డ దళితుడికి ఏమైందో కూడా రాయాలి. నెత్తురు పేరు చెప్పి మనుషుల్ని విడదీసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఎర్రకణంలో కులమూ, మతమూ దొరకవు. చేసిన పని దొరుకుతుంది. ఆ పరీక్ష జరగాలి, ఆ కాగితం యజమాని బీరువాలో కాక కూలి చేతిలో ఉండాలి. మేం ముందుగా మావాళ్లనే అడుగుతున్నాం.