విదేశీ చదువు: దిగిన ఇంటి చిరునామాకూ గడువు ఉంది

విదేశంలో చదువుకు వెళ్లిన విద్యార్థి తాను ఏ ఇంట్లో ఉంటున్నదీ అక్కడి వ్యవస్థకు తెలపడం చట్టపరమైన బాధ్యత. ఆస్ట్రేలియాలో అడుగుపెట్టిన 7 రోజుల్లోగా తన నివాసం ఎక్కడో విద్యాసంస్థకు చెప్పాలి. జర్మనీలో ఇంట్లోకి చేరిన 2 వారాల్లోగా స్థానిక కార్యాలయంలో నమోదు కావాలి. అమెరికాలో ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజులే గడువు. ప్రవేశ పత్రం, వీసా, బ్యాంకు రుణం కోసం నెలల తరబడి తిరిగిన కుటుంబాలు కూడా ఈ చిన్న పని గురించి ముందుగా ఆరా తీయడం అరుదు.

దీనికి కారణం మన అలవాటులోనే ఉంది. తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న తర్లగూడ వంటి ఊరి నుంచి ఒక విద్యార్థి వరంగల్‌కో హైదరాబాద్‌కో వచ్చి నాలుగేళ్లు చదువుకున్నాడనుకుందాం. ఆధార్‌లో, ఓటరు కార్డులో, బ్యాంకు పుస్తకంలో తర్లగూడే ఉంటుంది. హాస్టల్ మారినా, అద్దె గది మారినా ప్రభుత్వానికి తెలపవలసిన అవసరం సాధారణంగా రాదు. మనకు చిరునామా అంటే సొంత ఊరు. విదేశీ చట్టం అడిగేది అది కాదు, ఈ రాత్రి ఎక్కడ నిద్రిస్తున్నారన్నది.

జర్మనీలో ఈ తేడా మొదటి వారంలోనే తెలిసివస్తుంది. అక్కడ నమోదును అన్‌మెల్డుంగ్ అంటారు. 2015 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న సమాఖ్య నమోదు చట్టం ప్రకారం ఇది విదేశీయులకే కాదు, జర్మన్ పౌరులకూ తప్పనిసరి. పాస్‌పోర్టు, నింపిన ఫారంతో పాటు ఆ వ్యక్తి ఫలానా తేదీన తన ఇంట్లో చేరాడని ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం చూపాలి. అద్దె ఒప్పందం ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆలస్యమైతే 1,000 యూరోల వరకు జరిమానా విధించవచ్చు.

చిక్కంతా ఆ ధ్రువపత్రం దగ్గరే. విశ్వవిద్యాలయ వసతి గృహాలు దానిని అడగగానే ఇస్తాయి. అయితే అక్కడ గది దొరకక, ముందు వెళ్లిన స్నేహితుల గదిలో నలుగురితో సర్దుకునే విద్యార్థికి యజమాని సంతకం దొరకడం కష్టం. అతడు అక్కడ ఉంటున్నట్టు యజమానికి తెలియకపోవచ్చు కూడా. నమోదుకు వీలుండదన్న షరతుతోనే గదులు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. గది చవక కావచ్చు గానీ, నమోదు పత్రం లేనిదే పన్ను గుర్తింపు సంఖ్య రాదు, అది లేకుండా పార్ట్‌టైం ఉద్యోగంలో జీతం లెక్క సరిగా సాగదు. చాలా బ్యాంకులు ఖాతా తెరిచేటప్పుడు ఆ పత్రాన్నే అడుగుతాయి. కొన్ని నెలలకే ముగిసే ప్రవేశ వీసాను నివాస అనుమతిగా మార్చుకోవడానికీ అది కావాలి. ఈ ఒత్తిడిలో కొందరు డబ్బు తీసుకుని తమ చిరునామాను వాడుకోనిస్తామంటారు. అందులో నివసించకుండా నమోదు కోసం చిరునామా ఇవ్వడం అక్కడ నేరం, 50,000 యూరోల వరకు జరిమానా ఉంది. గది ఖాయం చేసుకునే ముందే ‘ఈ చిరునామాపై నమోదు చేసుకోవచ్చా?’ అని రాతపూర్వకంగా అడగడం మేలు.

మరొక చిన్న సంగతి. ఉత్తరాల పెట్టెపై ఇంటి పేరు లేకపోతే జర్మన్ పోస్టుమాన్ ఉత్తరం వేయకుండా వెనక్కి తీసుకుపోతాడు. పన్ను సంఖ్య వచ్చేది పోస్టులోనే. పెట్టెపై ఉన్న పేరు, పాస్‌పోర్టులోని పేరు ఒకటే కావాలి.

అమెరికాలో విద్యార్థి స్వయంగా ఏ పురపాలక కార్యాలయానికీ వెళ్లనక్కరలేదు. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి 10 రోజుల్లోగా తెలిపితే, ఆయన 21 రోజుల్లోగా సెవిస్ అనే కేంద్ర సమాచార వ్యవస్థలో మారుస్తారు. పోస్టు బాక్సు నంబరు, కళాశాల విభాగం చిరునామా నివాసంగా చెల్లవు. వేసవి ఇంటర్న్‌షిప్ కోసం మరో నగరానికి మకాం మార్చినా ఇదే నియమం. చదువు ముగిశాక ఓపీటీపై ఉద్యోగం చేస్తున్నప్పుడూ బాధ్యత కొనసాగుతుంది. ఉద్యోగ అనుమతి కార్డుకు దరఖాస్తు చేసి ఇల్లు మారినవారు వలస సేవల విభాగానికి విడిగా తెలపాలి. అమెరికా తపాలా శాఖలో మాత్రమే చిరునామా మార్చుకుంటే వలస విభాగం రికార్డు మారదు, కార్డు పాత ఇంటికే పోతుంది.

చిరునామా ఎంత దూరం వెళ్లగలదో తెలుగు కుటుంబాలు 2011లో చూశాయి. ఆ ఏడాది జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉన్న ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ వారే ఎక్కువ. సంస్థ ఇచ్చిన సమాచారం ప్రకారం సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్ నగరంలోని ఒకే ఒక అపార్టుమెంటులో ఉంటున్నారు! వాస్తవానికి వారు దేశమంతటా చెల్లాచెదురుగా ఉన్నారు. ఆ చిరునామా రాసింది విద్యార్థులు కాదు, సంస్థ. అయినా వీసా హోదా పోయింది వారిది. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. సంస్థాపకురాలు సుసాన్ సుకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. తన పేరుతో సెవిస్‌లో ఏ చిరునామా ఉందో కళాశాలను అడిగి చూసుకోవడం ప్రతి విద్యార్థికీ అందుబాటులో ఉన్న పనే.

సొంత ఊరి చిరునామా అవసరం తీరిపోదు. ప్రవేశ పత్రంలో, సెవిస్‌లో స్వదేశపు చిరునామాకు వేరే గడి ఉంటుంది. తర్లగూడ ప్రాంతపు వారికి ఇక్కడ ఒక ప్రత్యేక చిక్కు ఉంది. 1998కి ముందు పత్రాల్లో ఆ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లా. తర్వాత దంతెవాడ జిల్లా అయింది. 2000లో రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌గా, 2007లో జిల్లా బీజాపూర్‌గా మారాయి. ఊరు కదలలేదు గానీ తండ్రి సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, కుమారుడి పత్రంలో మరొకటి కనిపిస్తాయి. పైగా కర్ణాటకలోనూ ఒక బీజాపూర్ ఉండేది. 2014లో విజయపురగా పేరు మారినా పాత జాబితాల్లో అది మిగిలే ఉంటుంది. ఆన్‌లైన్ ఫారంలో రాష్ట్రం సరిచూడకుండా జిల్లా ఎంచుకోరాదు. తెలుగు, హిందీ ఉచ్చారణల మధ్య ఊరి పేరు ఆంగ్ల అక్షరాల్లో మారుతూ ఉంటుంది కాబట్టి, పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్ని చోట్లా అలాగే రాయాలి.

విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో విద్యార్థులు వివరాలు నమోదు చేసుకోవచ్చు. అది స్వచ్ఛందం. అక్కడ చేసుకున్నంత మాత్రాన ఆ దేశపు నమోదు జరిగినట్టు కాదు.

జర్మనీ విడిచి వచ్చేటప్పుడు నమోదు రద్దు చేయించుకోవాలి. ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి, చేశాక 2 వారాల వరకు సమయం ఉంటుంది. టీవీ ఉన్నా లేకున్నా అక్కడ ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల ప్రజా ప్రసార రుసుము ఉంది, ఇంటికి ఒక్కరు కడితే చాలు. కొత్తగా నమోదైనవారి వివరాలు ఆ విభాగానికి చేరతాయి, ఉత్తరం దానంతట అదే వస్తుంది. ఆ ఖాతా తన పేరున ఉన్న విద్యార్థి రద్దు పత్రం జతచేసి దానిని కూడా మూయించుకోవాలి. లేకపోతే తర్లగూడకు తిరిగి వచ్చాక కూడా బిల్లులు ఆ పాత గదికే వస్తూ బకాయి పెరుగుతుంది.