కారు వైపర్లు: వేసవిలో పాడై, తొలి వానలో బయటపడే లోపం

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 నాటికి కేరళ తీరాన్ని తాకి, ఆ తరువాత తెలుగు రాష్ట్రాలకు విస్తరిస్తాయి. కారు వైపర్లు సరిగా తుడవడం లేదన్న సంగతి చాలామందికి తెలిసేది ఆ తొలకరి జల్లులోనే. అయితే లోపం అంతకు ముందే ఏర్పడి ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలకు, కాగిన అద్దాన్ని ఆనుకొని కదలకుండా ఉన్న రబ్బరు గట్టిపడి, అంచు వంకర తిరుగుతుంది. అందుకే వైపర్లను వేసవి ముగియక ముందే పరీక్షించుకోవాలి.

పనిచేసే తీరు

ముందు అద్దాన్ని తుడిచే సాధనానికి అమెరికాకు చెందిన మేరీ ఆండర్సన్ 1903లో పేటెంట్ పొందారు. అప్పట్లో దానిని లోపలి నుంచి చేతితో కదిలించవలసి వచ్చేది. నేటి కార్లలో ఆ పని మోటారు చేస్తుంది. భారత్‌లో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 101వ నిబంధన వైపర్లకు సంబంధించినది.

వైపర్ ఆర్మ్‌లోని స్ప్రింగు బ్లేడును అద్దానికి అదిమి ఉంచుతుంది. బ్లేడు అంచున ఉన్న సన్నని రబ్బరు, దిశ మారిన ప్రతిసారీ రెండో పక్కకు వాలుతూ నీటిని తోసివేస్తుంది. గట్టిపడిన రబ్బరు అలా వాలలేక అద్దంపై ఎగిరిపడుతుంది.

మార్చవలసిన సూచనలు

తుడిచిన చోట నీటి చారలు మిగలడం, కిర్రుమని చప్పుడు రావడం, కొంత భాగం తుడవకుండా వదిలేయడం, రబ్బరు చీలడం ప్రధాన లక్షణాలు. పగటిపూట ఈ చారలు చిన్న ఇబ్బందిగానే తోచవచ్చు. రాత్రివేళ ఎదురు వాహనాల హెడ్‌లైట్ల వెలుగు వాటిపై చెదిరి, రోడ్డు దాటుతున్న పాదచారి కనబడని పరిస్థితి ఏర్పడుతుంది. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బ్లేడ్లను మార్చడం మంచిది.

సంరక్షణ

వారానికొకసారి తడి గుడ్డతో రబ్బరు అంచును తుడవాలి. పెట్రోలు, కిరోసిన్ వాడితే రబ్బరు పాడవుతుంది. దుమ్ము పట్టిన పొడి అద్దంపై వైపర్లను నడిపితే ఇసుక రేణువులు గీతలు పెడతాయి; ముందుగా నీరు చిమ్మాలి. వాషర్ ట్యాంకులో ఉప్పునీరు పోస్తే నీరు చిమ్మే రంధ్రాలు మూసుకుపోవచ్చు, అద్దంపై తెల్లని మరకలు మిగులుతాయి. వీలైనంత వరకు కారును నీడలో నిలపాలి.

మార్చే విధానం

చాలా కార్లలో డ్రైవరు వైపు బ్లేడు పొడవుగా, రెండోది పొట్టిగా ఉంటుంది. కాబట్టి యజమాని మాన్యువల్‌లో చూసి, లేదా పాతవాటిని కొలిచి, రెండింటినీ ఒకేసారి కొనాలి. ఆర్మ్ కొక్కేనికి సరిపోయే రకమో కాదో కూడా చూసుకోవాలి.

ఇంజిన్ ఆపి, అద్దంపై మందపాటి తువ్వాలు పరచిన తరువాతే ఆర్మ్‌ను పైకి లేపాలి. బ్లేడు లేని ఆర్మ్ చేయి జారితే, స్ప్రింగు విసురుకు అద్దం పగిలే ప్రమాదం ఉంది. కొక్కెం రకానికి చెందిన ఆర్మ్ అయితే, బ్లేడు మధ్యనున్న చిన్న మీటను నొక్కి, బ్లేడును ఆర్మ్ మొదలు వైపునకు జరిపితే అది ఊడివస్తుంది. కొత్తదానిని టక్కుమనే వరకు ఎక్కించి, ఆర్మ్‌ను చేత్తో పట్టుకొని మెల్లగా దించాలి. వైపర్లు బానెట్ అంచు కింద దాగి ఉండే కార్లలో, ముందుగా వాటిని మాన్యువల్‌లో చెప్పినట్లు సర్వీసు స్థితికి తేవాలి.

చివరగా నీరు చిమ్మి పరీక్షించాలి. కొత్త బ్లేడ్లు వేసినా చారలు పోకపోతే అద్దంపై పేరుకున్న జిడ్డును శుభ్రం చేయాలి. అప్పటికీ ఫలితం లేకపోతే ఆర్మ్ స్ప్రింగు బలహీనపడిందేమో మెకానిక్‌కు చూపించాలి.