నీరు నిలిచిన గుంతలన్నీ చిత్తడి నేలలు కావు

కోటబొమ్మాళి: భూగర్భ గనుల్లో బొగ్గు తీశాక పైకప్పు కూలి నేల కుంగితే, ఆ పల్లంలో వాననీరు, ఊటనీరు చేరి చిత్తడి నేల ఏర్పడుతుంది. చైనాలోని హువాయ్‌నాన్‌లో, ఇంగ్లండ్‌లోని ఫెయిర్‌బర్న్ ఇంగ్స్‌లో ఇలాంటివి ఉన్నాయి. రెండోది పక్షుల రక్షిత ప్రాంతమైంది. మన టెక్కలి ప్రాంతంలో ఉన్నవి బొగ్గు గనులు కావు, నీలి గ్రానైట్ క్వారీలు. నిట్టనిలువుగా తవ్వి వదిలేసిన గుంతకు తుంగ, జమ్ము మొలిచే లోతులేని ఒడ్డు ఉండదు. నీరు తేటగా కనిపించినంత మాత్రాన అక్కడ జీవం ఉన్నట్లు కాదు.

ఆరోగ్యాన్ని తేల్చడానికి నీటి పరీక్ష ఒక్కటే చాలదు. లీటరు నీటిలో కరిగిన ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు పైగా ఉంటే సాధారణంగా చేపలకు అనుకూలం. అయితే పగటి కొలత మోసం చేస్తుంది. తెల్లవారుజామునే అది కనిష్ఠానికి పడిపోతుంది. బొగ్గు గనుల వద్ద గంధకపు ఖనిజాలు నీటిని ఆమ్లంగా మారుస్తాయి. క్వారీల వద్ద బెడద రాతిపొడి. అది అడుగున పేరుకుంటే బురదలోని నత్తలకు, తూనీగ పిల్లపురుగులకు చోటుండదు. అవి లేనిచోట చేపలకూ, కొంగలకూ మేత కరవే. వానకాలంలో ఒకసారి, మండు వేసవిలో మరోసారి చూడనిదే లెక్క తేలదు.

పోల్చడానికి కొలబద్ద దగ్గరలోనే ఉంది. తేలినీలాపురం చెట్లపై గూళ్లు కట్టే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు నౌపడ తంపర భూముల్లో మేత వెతుక్కుంటాయి. ఇలాంటి సహజ భూములను పనికిరానివిగా లెక్కగట్టడమే అసలు ప్రమాదం. సోంపేట బీలలో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2010 జులైలో రద్దు చేసింది.