డెక్కు మీది చాప నుండి విమానములోని పరుపు వరకు

ఈ ఉగాది సంచికకు చరిత్ర విషయ మొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరగా, రాతి శాసనముల జోలికి పోక, మన ఇండ్లలోని పాత ట్రంకు పెట్టెల జోలికి పోవుటయే మేలని మాకు తోచినది. నరికుడి, అరుప్పుకోట, విరుదునగరు, కోవిల్‌పట్టి ప్రాంతములందలి తెలుగు కుటుంబములలో పెక్కింటి బిడ్డలు నేడు సముద్రమున కావల నున్నారు. వారు తల్లిదండ్రులను పిలిపించుకొనునపుడు బిజినెస్ క్లాసు టిక్కెట్టు కొందుమనుట, ఆ ధర విని పెద్దలు గుండెలు బాదుకొనుట, రెండును జరుగుచున్నవి. మామూలు టిక్కెట్టుకు మూడు నాలుగింతలు పెట్టి కొనునది ముఖ్యముగా ఒక్కటే: కాళ్లు చాచి పడుకొనుట. ఈ పడుకొనుటకు మనవారి ప్రయాణములలో పెద్ద చరిత్రయే కలదు.

మొదటి ప్రయాణమునకు తరగతులు లేవు. విజయనగర రాజుల కాలమునను, పిమ్మట మదురై నాయకుల కాలమునను మన పెద్దలు ఎడ్లబండ్ల మీదను, కాలినడకను ఈ నల్లరేగడి సీమకు వచ్చిరి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలసను ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలగా 1976లో వెలువరించిరి. ఆయన ఇంటి భాష తెలుగు. మనము నడచి వచ్చిన తోవ పొరుగు భాషలో గ్రంథస్థమగుట మనకు కొంత గర్వము, కొంత చిన్నతనమును.

ఈ సీమవారికి సముద్రము రెండు దిక్కుల తెరచి యుండెను. ఒకటి తూత్తుకుడి. ఒట్టపిడారమున పుట్టిన వ. ఉ. చిదంబరం పిళ్లగారు 1906లో స్వదేశీ నౌకా సంఘమును స్థాపించి కొలంబోకు ఓడలు నడిపినప్పుడు, పోటీకి దిగిన తెల్లవారి కంపెనీ చార్జీని తెగ తగ్గించి, తుదకు ఊరకనే ఎక్కించుకొని పైగా గొడుగు కూడ ఇచ్చెదమన్నదని ప్రసిద్ధి. డెక్కు ప్రయాణికునికి గొడుగు బహుమానమగుట ఆ కంపెనీవారి హాస్యప్రియత్వమునకు గుర్తు కాబోలు!

రెండవది ధనుష్కోటి. 1914లో పాంబన్ వంతెన తెరచిన పిమ్మట మదరాసు నుండి బోటు మెయిలు మానామదురై మీదుగా అచటికి పోయెడిది. దిగి స్టీమరెక్కి, సుమారు 20 మైళ్ల కడలి దాటినచో తలైమన్నారు. నరికుడివారికి దగ్గరి పెద్ద జంక్షను మానామదురైయే. అయితే రైలు నరికుడి మీదుగా వచ్చుటకు చాల కాలము పట్టినది. అరుప్పుకోట–మానామదురై మార్గము 1964 మే నెలలో తెరువబడెను. అదే సంవత్సరము డిసెంబరులో తుఫాను ధనుష్కోటిని తుడిచివేసెను. ఇంటి ముంగిటికి రైలు వచ్చిన ఏడే దాని కొనయందలి రేవు పోవుట విధి చమత్కారము.

మలయా, సింగపూరులకు పోవువారికి మదరాసు, నాగపట్నము రేవులు. ఆ ఓడలలో ‘రజులా’ పేరు తెలియని ముసలివారు ఉండరు. 1926లో కట్టిన ఈ ఓడ అర్ధ శతాబ్దమునకు కొంచెము తక్కువగా ఈ దారినే తిరిగినది. మొదటి తరగతి క్యాబినులు కొద్ది. డెక్కు ప్రయాణికులనో, 5,000 మందికి పైగా ఎక్కించుకొనుటకు అనుమతి యుండెను. డెక్కు టిక్కెట్టు కొన్నవాడు మంచము కొనలేదు, కుర్చీ కొనలేదు. చాప పరచినంత మేర చోటు కొన్నాడు. ముందెక్కినవానికి గాలి తగులు మూల, వెనుకవానికి యంత్రముల వేడి. ప్రక్క చాపవాని తమిళము, అటు చాపవాని మలయాళము, చంటిబిడ్డల ఏడుపు, వాంతులు, ఊరగాయ జాడీల వాసన — వారము దినముల సహవాసము! అంటురోగముల భయముతో రేవునందు కొన్నిదినములు నిలిపి ఉంచబడినవారు కూడ సామాన్యముగా డెక్కువారే. క్యాబినువారు దొరలవలె దిగి పోయెడివారు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. డెక్కువాడు రాత్రి నడుము వాల్చినాడు.

1972 నుండి ‘చిదంబరం’ అను పెద్ద ఓడ ఈ మార్గమున నడచెను. 1985 ఫిబ్రవరి 12న అందు అగ్నిప్రమాదము జరిగి పలువురు మరణించిరి. దానితో మదరాసు–సింగపూరు ఓడ ప్రయాణముల కాలము ముగిసినది. ఇక విమానమే గతి.

ఆకాశమున మొదట పడకలే ఉండెను! మన దేశమున ఊరూరికి తిరిగిన డకోటా విమానమును 1935లో అమెరికాలో 14 పడకల రాత్రి విమానముగానే తలపెట్టిరి. ఎయిరిండియా 1948 జూన్ 8న బొంబాయి నుండి లండనుకు, 1954–55 నాటికి బాంకాకు, సింగపూరు, హాంకాంగు, టోక్యోలకు విమానములు నడిపినది. టిక్కెట్టు కొనగలిగినవారు సంస్థానాధీశులు, పెద్ద వర్తకులు, ప్రభుత్వోద్యోగులు. ఆపై 1952లో టూరిస్టు తరగతి, 1958లో ఎకానమీ తరగతి వచ్చినవి. చార్జీ తగ్గినది, కుర్చీలు దగ్గరైనవి, పడకలు మాయమైనవి. సామాన్యుడు విమానమెక్కుటకు ఇచ్చిన మూల్యము నడుము వాల్చు హక్కు. మా దృష్టిలో అది అన్యాయపు బేరమేమియు కాదు. ఆ కుర్చీలు లేనిచో మన బిడ్డలలో ఎందరు విదేశముల చదువులకు పోగలిగియుండెడివారు?

బిజినెస్ క్లాసు పుట్టుక తమాషాగా నుండును. 1970ల చివర చవుక టిక్కెట్లు విరివి అయినపుడు, పూర్తి చార్జీ ఇచ్చిన వర్తకులు చవుకవారి నడుమ కూర్చుండుటకు సణిగిరి. 1978లో బ్రిటిషు ఎయిర్‌వేస్, పాన్ అమెరికన్ కంపెనీలు, 1979లో ఆస్ట్రేలియా వారి క్వాంటాస్ వారికి వేరు గదులు ఏర్పరచినవి. మొదట ఇచ్చినది కొంచెము వెడల్పు కుర్చీ మాత్రమే. పూర్తిగా చదునగు పడకను బ్రిటిషు ఎయిర్‌వేస్ 2000లో ఆ తరగతికి తెచ్చినది. ఓడ డెక్కు మీద అందరికంటె పేదవాడు అనుభవించినదే ఆకాశమున అందరికంటె ఖరీదైన సరకైనది!

అట్లని డెక్కును పొగడుట మా ఉద్దేశము కాదు. ఆ చాపను పొగడువారు దానిపై తడిసినవారు కారు. అమెరికా నుండి 14, 15 గంటల ఎగురుట 70 ఏండ్ల వారికి తేలిక కాదు. కదలక కూర్చుండినచో కాళ్ల రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టుట కలదు. ఏ తరగతి వారైనను నడుమనడుమ లేచి నడువవలెను. మోకాళ్ల నొప్పులవారికి, శస్త్రచికిత్స జరిగినవారికి బిడ్డ పడక కొనుట దుబారా అని మేమనము. తన దర్జాకై కొనువానిని గూర్చి మాత్రము మా కలము మౌనముగా నుండుట మంచిది.

మాకు కొరతగా తోచునది వేరొకటి. క్యాబినువారి డైరీలు గ్రంథాలయములకు చేరినవి; డెక్కువారి మాటలను వ్రాసి ఉంచినవారు మిక్కిలి తక్కువ. ‘చిదంబరం’ చివరి యేండ్లలో ఇరువది ఏండ్ల వయసున డెక్కెక్కినవారు ఇప్పుడు అరువది దాటినారు. ‘రజులా’ వారు అంతకంటె పెద్దలు. కనుక సభ్యులకు మనవి. మీ ఇండ్లలో పాత పాసుపోర్టులు, డెక్కు టిక్కెట్టు ముక్కలు, ఓడపేరు వ్రాసిన ట్రంకు పెట్టెలున్నచో పారవేయక కార్యదర్శిగారికి తెలియజేయుడు. పెద్దవారుండినచో ఒక సాయంత్రము కూర్చుండి, ఏ రేవున ఎక్కిరి, చాప ఎచట పరచిరి, ప్రక్క చాప వారెవరు అని అడిగి వ్రాసికొని తెండు. తేదీ తప్పినను పరవాలేదు.