ఆఫర్ లెటర్ అనంతపురం చేరిన దారి

చదువు ముగియకముందే కంపెనీ కాలేజీకి వచ్చి, చివరి ఏడాది విద్యార్థులను పరీక్షించి, ఉద్యోగం ఖాయం చేసి వెళ్ళడమే క్యాంపస్ నియామకం. దీని మూలాలు పాతవే. తన పట్టభద్రులకు కొలువులు చూపడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1892లోనే ఒక కమిటీ వేసింది. అనంతపురంలో ఈ పద్ధతి స్థిరపడడానికి మాత్రం సాఫ్ట్‌వేర్ కాలం రావాల్సి వచ్చింది.

అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో సొంత ఊరికి తరలింది. అప్పట్లో ఇంజనీర్లకు పెద్ద ఆధారం సర్కారు కొలువే. సివిల్ చదివినవాళ్ళు ప్రజాపనుల శాఖ వైపు, ఎలక్ట్రికల్ వాళ్ళు విద్యుత్ బోర్డు వైపు చూసేవారు. అందుకు దారి సర్వీస్ కమిషన్, లేదంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి. ఖాళీలను ఎక్స్ఛేంజికి తప్పనిసరిగా తెలపాలన్న చట్టం 1959లో వచ్చింది. పేరు నమోదు చేయించుకుని, కార్డు రెన్యువల్ చేయించుకుంటూ పిలుపు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం అది.

ఆ తరవాత సాఫ్ట్‌వేర్ సంస్థలు వచ్చాయి. 1981లో పుట్టిన ఇన్ఫోసిస్ 1983లో బెంగళూరు చేరింది. సత్యం 1987లో హైదరాబాద్‌లో మొదలైంది. అనంతపురానికి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరమే. సాఫ్ట్‌వేర్ సంస్థలు బ్రాంచితో పట్టింపు లేకుండా వందల మందిని తీసుకుని, తామే శిక్షణ ఇచ్చుకోవడం మొదలుపెట్టాక సివిల్, మెకానికల్ వాళ్ళూ కంప్యూటర్ కొలువుల్లో చేరారు. 2000ల దశకంలో ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పల్లె పిల్లలు పెద్ద సంఖ్యలో బీటెక్‌లో చేరారు. 2008లో ఆ పాత ఇంజనీరింగ్ కాలేజీ కేంద్రంగా జేఎన్‌టీయూ అనంతపురం ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో, వానను నమ్మి వేరుశనగ వేసే ఇంటికి నెలజీతం విలువ వేరు. ఇంటర్వ్యూల కోసం నగరాల్లో గది అద్దెకు తీసుకుని నెలలు గడపలేని పిల్లలకు కంపెనీయే ఊరికి రావడం నిజమైన మేలు.

నియామక డ్రైవ్ రోజు పొద్దున్నే సెమినార్ హాల్లో కంపెనీ పరిచయం, ఆపైన ఆప్టిట్యూడ్ పరీక్ష. గట్టెక్కినవాళ్ళకు గ్రూప్ డిస్కషన్, టెక్నికల్, చివర హెచ్‌ఆర్ రౌండ్. ఒక్కో రౌండుకూ నోటీసు బోర్డు మీద జాబితా చిక్కిపోతుంది. అయితే చాలామంది ఆ హాలు గడప కూడా తొక్కలేరు. టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలో 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదన్నది బాగా వాడుకలో ఉన్న కటాఫ్. పల్లె బడిలో పదిహేనేళ్ళ వయసులో తగ్గిన మార్కులు ఇరవై ఒకటో ఏట ఉద్యోగానికి అడ్డుపడడం అన్యాయమే. ఇంగ్లీషులో మాట్లాడే అలవాటు లేకపోవడం రెండో అడ్డంకి. ఆ లోటు తీర్చడానికి ప్రభుత్వం కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు పెట్టింది. కంపెనీలు అడుగుపెట్టని చిన్న కాలేజీల విద్యార్థులను ఒకచోట చేర్చే పూల్ డ్రైవ్‌లూ వచ్చాయి.

చేతిలో ఆఫర్ లెటర్ ఉన్నంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదని 2008 ఆర్థిక మాంద్యం, 2009 జనవరిలో బయటపడ్డ సత్యం ఖాతాల కుంభకోణం చూపించాయి. చేరే తేదీలు వాయిదా పడ్డాయి.

2018లో టీసీఎస్ దేశవ్యాప్త ఆన్‌లైన్ అర్హత పరీక్ష ప్రారంభించింది. 2020లో కోవిడ్‌తో ఇంటర్వ్యూలూ తెర మీదికి మారాయి. ఈలోగా అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. దాంతో బీటెక్ వాళ్ళకే కాదు, పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవాళ్ళకూ జిల్లాలోనే ఫ్యాక్టరీ ఉద్యోగానికి దారి దొరికింది.