దుకాణం బ్యాంకైన వైనం: రంగూన్‌లోని రో కంపెనీ భవనం

అణైకట్, గుడియాత్తం ప్రాంతాల తెలుగు ఇళ్లనుంచి వచ్చే మన విద్యార్థులకు చెన్నై హార్బరు దగ్గరి బర్మా బజారు కొత్త కాదు. 1960లలో బర్మానుంచి తరలివచ్చినవారి బతుకుతెరువుకోసం వెలసిన బజారది. వారు విడిచివచ్చిన రంగూన్‌ను (నేటి యాంగోన్) మన పాతతరంవారు ‘రంగం’ అనేవారు. ఆ నగరంలోని ఒక భవనాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

సూలే పగోడాకు చేరువలో, మహాబందూల వీధి మలుపులో 1908–10 మధ్య రో కంపెనీ తన డిపార్ట్‌మెంట్ స్టోరును కట్టించింది. నమూనా గీసినవాడు చార్లెస్ స్టీవెన్స్. బొంబాయి విక్టోరియా టెర్మినస్‌ను రూపొందించిన ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్‌కు ఈయన కుమారుడు. బయటికి కనబడేది ఇటుక పని, మూలన బురుజు. బరువు మోసేది మాత్రం లోపలి ఉక్కు చట్రం. గోడలకు ఆ భారం తప్పడంతో విశాలమైన హాళ్లు, పెద్ద కిటికీలు సాధ్యమయ్యాయి. విద్యుత్ లిఫ్టు, పంకాలు అప్పటి వింతలు. సరుకు నలుగురి కంటా పడాలని వదిలిన ఖాళీయే వందేళ్ల తర్వాత బ్యాంకు కౌంటర్లకు పనికివచ్చింది. అడ్డుగోడల మీద ఆధారపడిన కట్టడానికి ఈ సదుపాయం ఉండదు.

ఇక మనవారి సంగతి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువారు లక్షన్నరకు మించారు. గోదావరి, విశాఖ జిల్లాలనుంచి ఓడలెక్కి వచ్చినవారే ఎక్కువ. కోరంగి రేవు పేరుమీద వారిని ‘కోరంగీలు’ అనేవారు. రేవులో సరుకు దించడం, రిక్షా లాగడం వారి పనులు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానంలో పెట్టిన బర్మా కూలీలకూ వారికీ మధ్య ఘర్షణ రేగి నగరమంతా పాకింది. ఇంగ్లండు సరుకు రో కంపెనీ అద్దాల వెనుకకు చేరిందంటే ఆ రేవు దాటే కదా! అందులో ఒక్క చొక్కా కొన్న తెలుగు కూలీ ఉంటాడని మేము అనుకోము.

స్వాతంత్ర్యానంతర కాలంలో ఈ భవనం ఇమ్మిగ్రేషన్ శాఖ కార్యాలయమైంది. 1962లో సైనిక పాలన వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం అయ్యాయి, లక్షలాది భారతీయులు దేశం విడిచారు. విదేశీయుల నమోదు ఆ శాఖ పనే. సరుకు మోసినవారి పిల్లలు కాగితాలకోసం ఆశ్రయించవలసిన శాఖ, ఆ సరుకమ్మిన భవనంలోనే కొలువుదీరింది.

2005లో రాజధాని నేపిడోకు తరలడంతో కార్యాలయాలు ఖాళీ అయ్యాయి. తరువాత, 2010లో ఏర్పడిన ఏయా బ్యాంకు ఈ భవనాన్ని బాగుచేసి ప్రధాన కార్యాలయంగా మార్చుకుంది. ఇటుక ముఖభాగం, బురుజు నిలిచాయి. పడగొట్టకపోవడం మెచ్చదగినదే. అయితే ఇప్పటికీ వినిపించేది దుకాణం పేరే. మధ్యనున్న ఇమ్మిగ్రేషన్ కాలాన్ని భవన వర్ణనలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. ఆ వాక్యంలో ఏముందో తెలుసుకోదలచిన విద్యార్థి విశాఖలోని బర్మా క్యాంపుకు వెళ్లి అక్కడి పెద్దలతో మాట్లాడవచ్చు.