పైఇంటి నీళ్లు: మన కాలనీల్లో ఒక తగువు పుట్టిన చరిత్ర

ఈ నివేదిక రాయడానికి సంఘాల మినిట్స్ పుస్తకాలన్నీ ముందరేసుకుని కూర్చున్నాం. బ్యాంకు లింకేజీ, వడ్డీ, పిల్లల ఫీజులు ఎప్పుడూ ఉండేవే. వాటి పక్కన ఈసారి మళ్లీ మళ్లీ కనిపించిన మాట 'లీకేజీ'. పైఇంట్లో స్నానం చేస్తే కింది ఇంట్లో చుక్క పడుతున్నదని, సీలింగు పెచ్చులూడుతున్నాయని, గోడకు చేయి పెడితే జిల్లుమని కరెంటు తగులుతున్నదని ఫిర్యాదులు.

ఒక సంఘంలో మొదటి లీడరు ఇల్లు మూడో అంతస్తులో, రెండో లీడరు ఇల్లు సరిగ్గా దాని కింద. ఇద్దరి సంతకాలు పడితేనే బ్యాంకులో డబ్బు కదులుతుంది. నీళ్ల మీద మాటా మాటా పెరిగి ఇద్దరూ మొహాలు చూసుకోవడం మానేశారు. రెండు నెలలు ఒక్క విత్‌డ్రాయల్ ఫారం మీద కూడా రెండు సంతకాలు పడలేదు. పది మంది ఆడవాళ్ల పొదుపు ఒక బాత్‌రూం స్లాబు కింద ఇరుక్కుపోయింది.

"ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పండి, సర్దుకుంటారు" అన్నారు కొందరు. కూర్చోబెట్టాం, సర్దుకోలేదు. అప్పుడే మాకు తట్టింది: ఇది ఇద్దరి స్వభావాల తగువు కాదు, ఇండ్ల తగువు. మనకు ఇండ్లు ఎట్లా వచ్చాయో వెనక్కి పోయి చూడాల్సి వచ్చింది. అందుకే ఈ సంవత్సరం ఈ నాలుగు పేజీలు.

హైదరాబాదులో పేదల ఇళ్ల ముచ్చట పాతదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టి, ఇరుకు బస్తీలను తీసి కొత్త ఇళ్లు కట్టింది. అవి ఎక్కువగా నేల మీద ఇళ్లే. 1967లో నగరంలో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పని మొదలైంది. ఈ రోజు మన సంఘాలను చూసుకునే యూసీడీ విభాగానికి మూలం అదే. ఆ కాలంలో బస్తీ బాగు అంటే ఉన్న జాగాకు పట్టా, వీధికి నల్లా, కాలువ. ఎవరి జాగాలో వాళ్లు గోడ లేపుకున్నారు. ఎవరి కప్పు వాళ్లది. కప్పు కారితే రేకు మార్చుకున్నారు, లేకపోతే టార్పాలిన్ కప్పుకున్నారు. పైన ఉన్నది ఆకాశమే, ఆకాశంతో ఎవరూ తగువు పెట్టుకోరు.

మన ఈ వైపు, అంటే శేరిలింగంపల్లి, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, అప్పటికి ఊర్లే. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దాని వెంట రోడ్లు, ఆఫీసులు, అపార్టుమెంట్లు వచ్చాయి. వాటిని కట్టడానికి పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి మనుషులు వచ్చారు. రాళ్ల గుట్టల మధ్య గుడిసెలు లేచాయి. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. అప్పటికే గజం జాగా ధర కూలి మనిషికి అందనంత పైకి పోయింది. సర్కారుకు కూడా పేదవాళ్లకు విడివిడిగా జాగాలు ఇచ్చే ఓపిక పోయింది. ఇక ఇళ్లు పైకి లేచాయి.

2001లో మొదలైన వాంబే పథకం, 2005 నాటికి రాజీవ్ గృహకల్ప, అదే ఏడాది డిసెంబరులో జేఎన్ఎన్‌యూఆర్ఎం. మన పక్కనే చందానగర్ పాపిరెడ్డి కాలనీలో ఉన్న గృహకల్ప బ్లాకులు చూడని వాళ్లు ఈ సమాఖ్యలో ఉండరు. చిన్న ఇల్లు, కొంత మనం కట్టేది, మిగతా బ్యాంకు అప్పు. లిఫ్టు లేని రెండు మూడు అంతస్తులు. గుడిసెలో బతికిన ఆడమనిషి మొదటిసారి ఇంకొకరి నెత్తి మీద కాపురం పెట్టింది, ఇంకొకరి కాళ్ల కింద కాపురం పెట్టింది.

తెలంగాణ వచ్చాక 2015లో డబుల్ బెడ్‌రూం పథకం. 560 చదరపు అడుగులు, రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు బాత్‌రూములు, అదీ ఇంటి ఆడమనిషి పేరు మీద. కారిడార్‌కు పడమటి వైపు, ఔటర్ రింగు రోడ్డు దగ్గర కొల్లూరులో 15,660 ఇళ్లను 2023 జూన్ 22న ప్రారంభించారు. 117 బ్లాకులు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. ఇంటికి రెండు లెక్కన చూస్తే ఆ ఒక్క చోటే 31,320 బాత్‌రూములు, ఒకదాని మీద ఒకటి.

ఇల్లు మన పేరు మీద రావడం చిన్న విషయం కాదు. కానీ ఆ కాగితాన్ని ఒకసారి చదవండి. అందులో బ్లాకు నంబరు, అంతస్తు, ఇంటి నంబరు ఉంటాయి. రెండు ఇళ్ల నడుమ ఉన్న స్లాబు ఎవరిదో ఉండదు. షాఫ్టులో పైనుంచి కిందికి దిగే పైపు ఎవరిదో ఉండదు. ఇళ్లు పంచారు గానీ ఇళ్ల మధ్య ఉన్నదాన్ని ఎవరికీ అప్పజెప్పలేదు. మన తగువులన్నీ ఆ ఖాళీలోనే పుట్టాయని మా అభిప్రాయం.

ఇప్పుడు నీళ్ల సంగతి. అపార్టుమెంటు బాత్‌రూం కింద స్లాబును మిగతా ఇంటి కంటే లోతుగా పోస్తారు. దాన్ని మేస్త్రీలు సంకెన్ స్లాబు అంటారు. ఆ లోతులో పైపులు పరిచి, ఇటుక ముక్కలో ఇసుకో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లో పెట్టిన వైట్ సిమెంటు కొన్నేళ్లకు రాలిపోతుంది. జాలీ చుట్టూ సన్నటి పగులు వస్తుంది. బోరు నీళ్ల ఉప్పు, యాసిడ్ పోసి కడగడం దాన్ని ఇంకా తొందర చేస్తాయి. నీళ్లు ఆ సందులో నుంచి దిగి, కింద నింపిన ఇసుకలో తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. ఆ తొట్టి నిండాక మెల్లగా స్లాబులో నుంచి కిందికి ఊరుతుంది. పైన టైల్స్ మాత్రం పొడిగా, తళతళ మెరుస్తూ ఉంటాయి.

మన ఇద్దరు లీడర్ల మధ్య జరిగిన మాటలు ఇట్లా ఉన్నాయి.

"అక్కా, మీ ఇంట్ల నీళ్లు మా అన్నం గిన్నెల పడుతున్నయి."

"మా బాత్‌రూం పొడిగ ఉన్నది చెల్లె, ఒచ్చి సూస్కో. నీ ఇల్లు పాడుజేస్తే నాకేమొస్తది?"

ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ ఎదుటామె అబద్ధం ఆడుతున్నదనుకున్నారు.

ఇంకో చిక్కు ఏంటంటే, చుక్క పడ్డ చోటే కారే చోటు కాదు. నీళ్లు స్లాబులోని కరెంటు గొట్టం పట్టుకుని పోయి, పక్క గదిలో ఫ్యాను కొక్కెం దగ్గర తేలుతాయి. అట్లాంటప్పుడు ముందు ఆ గది ఎంసీబీ దించెయ్యాలి, తర్వాతే కొట్లాట. లోపల ఇనుప చువ్వలకు తడి తగిలితే తుప్పు పట్టి ఉబ్బుతాయి, ఉబ్బి సిమెంటును తోసేస్తాయి. పెచ్చులూడడం అంటే అదే. కింది ఇంటామె సున్నం వేయించి సరిపెట్టుకుంటే లోపల చువ్వ తినిపోతూనే ఉంటుంది. అది పైఇంటి ఫ్లోరుకు కూడా ప్రమాదమే, ఎందుకంటే అది ఒకే స్లాబు.

మా సమాఖ్యలో ఒక చెల్లె భర్త ప్లంబరు. ఆయన నేర్పిన పరీక్షనే ఇప్పుడు మేము అన్ని బ్లాకుల్లో చేస్తున్నాం. పైఇంటి నల్లాలన్నీ కట్టేసి ఒక రాత్రి ఆగాలి. అయినా చుక్క ఆగకపోతే అది పైకి వచ్చే మెయిన్ పైపుదో షాఫ్టుదో కావచ్చు. ఆగితే, బాత్‌రూం జాలీని గుడ్డతో గట్టిగా మూసి, నీళ్లు నిలబెట్టి, అందులో ఉజాలా నీలం కలిపి ఒక రోజు చూడాలి. కింద నీలి మరక తేలితే ఇక వాదన లేదు. ఈ పరీక్షకు పైఇంటామె, కిందింటామె, ఇంకో అంతస్తు నుంచి ఒక సభ్యురాలు, ముగ్గురూ ఉండాలని నియమం పెట్టుకున్నాం. నగరంలో 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా మంచినీళ్లు ఉచితం. మంచిదే. కాకపోతే ఇదివరకు గోడలో పైపు పగిలితే బిల్లు చెప్పేది, ఇప్పుడు ఆ జాడ కూడా లేదు.

మన ఇద్దరు లీడర్ల ఇంట్లో పరీక్ష చేస్తే వచ్చిన ఫలితం ఎవరూ అనుకోనిది. జాలీ మూలన నీలి మరక తేలింది, నిజమే. కానీ నీళ్లు కట్టేసిన రాత్రి కూడా షాఫ్టు గోడ పక్క చెమ్మ ఆగలేదు. పైన ఐదో అంతస్తు దగ్గర పైపు జాయింటు పగిలి ఉంది. మొదటి లీడరు తప్పు సగమే. మిగతా సగం, ఆ లైనులో ఉన్న ఇళ్లన్నిటిదీ.

అయితే ఎవరు కట్టాలి? కాగితం చెప్పలేదు కాబట్టి వేరే చోట్ల ఎట్లా ఉందో అడిగి తెలుసుకున్నాం. మన దగ్గర 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఉంది. పునాది, స్తంభాలు, ముఖ్య గోడలు, పైకప్పు, మెట్ల వంటివి ఉమ్మడి భాగాలని, వాటిని యజమానుల సంఘం చూసుకోవాలని దాని ఉద్దేశం. కొనుక్కున్న ఫ్లాట్ల వాళ్లు ఆ సంఘం పెట్టుకుని నెలనెలా మెయింటెనెన్సు కట్టుకుంటారు. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల్లో ఇంటి లోపలి బాత్‌రూం, సింకు లీకు ఆ ఇంటి ఖర్చు, బయటి ఉమ్మడి పైపు లీకు సొసైటీ ఖర్చు అని నియమావళిలోనే రాసుకున్నారు. సింగపూర్‌లో పది మందిలో దాదాపు ఎనిమిది మంది సర్కారు కట్టించిన ఫ్లాట్లలోనే ఉంటారు. అక్కడ పాతబడి స్లాబు కారితే అది పైఇల్లు, కిందిల్లు ఇద్దరి బాధ్యత. ఆ మరమ్మతుకు ఒక పథకం కింద సర్కారు బోర్డు సగం భరిస్తుంది, ఇద్దరు ఇంటివాళ్లూ చెరో పావు వంతు. కిందింటామె కూడా కట్టడం ఏంటని మా మీటింగులో పెద్ద గోల అయింది. "నా నెత్తిన చుక్క పడితే నేనే పైసలిచ్చుడా?" అన్నారు. మాకు మాత్రం ఆ పద్ధతి సబబుగానే తోచింది. డబ్బులో వాటా ఉన్నామె పనిని దగ్గరుండి చూస్తుంది. పైఇంటామె తలుపు తెరవడానికి వెనకాడదు.

మన డబుల్ బెడ్‌రూం కాలనీల్లో దుకాణాలు కట్టి, వాటి అద్దెతో లిఫ్టులు, మోటార్లు నడపాలన్న ఆలోచన మొదటి నుంచీ ఉంది. ఆ అద్దె వచ్చినా షాఫ్టు పైపు దాకా రావడానికి చాలా కాలం పడుతుంది. మన సభ్యురాళ్లలో చాలామంది పగలు గేటెడ్ కమ్యూనిటీల్లో పనికి పోతారు. అక్కడ సీలింగుకు చెమ్మ వస్తే ఫోన్‌లో నొక్కుతారు, మనిషి వస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి మనం చుక్క కింద బకెట్ పెడతాం.

చివరికి మేము చేసింది ఇది. బాత్‌రూం టైల్స్ సందులు, జాలీ పని ఖర్చును పైఇల్లు, కిందిల్లు సగం సగం. షాఫ్టు జాయింటు ఖర్చును ఆ లైను ఇళ్లన్నీ సమానంగా. చేతిలో డబ్బు లేని వాళ్లకు సంఘం అంతర్గత రుణం నుంచి ఇచ్చి, పొదుపుతో కలిపి నెలనెలా వసూలు. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. "గేదె కొనడానికో మిషన్ కొనడానికో ఇచ్చే డబ్బు, పైపుల్లో పోస్తరా?" అని ఒక పెద్దక్క నిలదీసింది. ఆమె మాటలో న్యాయం ఉంది, ఆ రుణం ఆదాయం తేదు. అందుకే దానికి పరిమితి పెట్టాం, ఒక ఇంటికి ఏడాదికి ఒక్కసారే.

ఇద్దరు లీడర్లూ సంతకాలు పెట్టారు. ముందు మాదిరి దోస్తులయ్యారని రాయలేం, మాట్లాడుకుంటున్నారు.

తేలనిది తాళం వేసిన ఇల్లు. ఇచ్చిన ఇళ్లను అద్దెకియ్యొద్దు, అమ్మొద్దు అని షరతు. పని దూరమైందని కొందరు ఇల్లు వదిలి పాత బస్తీకే పోయారు, కొందరు గుట్టుగా కిరాయికిచ్చారు. కిరాయి మనిషి తాను చుట్టమని చెబుతుంది, ఇంటామె పేరు చెప్పదు, చెప్తే ఇల్లు పోతుందని భయం. అట్లాంటి ఇంటి నుంచి నీళ్లు కారితే తలుపు తీసే మనిషే లేదు. బ్లాకుకు ఒకటి చొప్పున లైను రిజిస్టరు పెట్టాం. ఏ లైనులో ఏ ఇళ్లు, ఏ వాల్వు ఎక్కడ, తాళం ఎవరి దగ్గర అని రాస్తున్నాం. అందులో తాళం గడి కొన్ని ఇళ్లకు ఇంకా ఖాళీగానే ఉంది. అట్లాంటి ఒక ఇంటి ముందు ప్లంబరు మూడుసార్లు నిలబడి తిరిగి పోయాడు. దాని కింది ఇంట్లో, ఈ నివేదిక అచ్చుకు పోయే నాటికి, వంటగదిలో బకెట్ అట్లాగే ఉంది.